రాసుకెళ్లిన మాట చదివి వినిపించండి

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,



నేను రాయగడలో పుట్టి పెరిగిన తెలుగుపిల్లని. మీ విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేస్తున్నాను. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో జరిగే వారపు సంతలు నా థీసిస్‌కు విషయం. ఈ వేసవంతా ఆ పని మీదే సంతల్లోనూ కొండ ఊళ్లలోనూ స్నేహితుల ఇళ్లలోనూ గడిచింది. అక్కడ మాకు అర్థమైన ఒక సంగతి మీ ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా కొండల్లో మనుషుల్ని అడిగి రాసిన ప్రతి థీసిస్‌నూ, పట్టా చేతికి రాకముందే, ఆ మనుషుల మధ్య కూర్చుని వాళ్లకు తెలిసిన భాషలో చదివి వినిపించాలి. వాళ్లు దిద్దినది దిద్దాలి. దీన్ని నియమంగా పెట్టండి. ఈ కొండలకు విద్యార్థుల్ని పంపే విశ్వవిద్యాలయాలు ఇంకా ఉన్నాయి. వాళ్లూ చదువుతారని దీన్ని బహిరంగంగా రాస్తున్నాను.

ముందుగా మీకే ఎందుకంటే, మా కొండలతో మీ విశ్వవిద్యాలయానికి ఉన్న బంధం ఇంకెవరికీ లేదు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు సైన్సు శాఖలు పెట్టే స్తోమత జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఇచ్చిన డబ్బుతో వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న రోజుల్లో మహారాజా ఏటా లక్ష రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. సైన్సు కళాశాలకు జయపురం విక్రమదేవుడి పేరే పెట్టారు. ఆయన తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన పండితుడు, ఆయన దాతృత్వం మీద నాకు అపారమైన గౌరవం. కానీ ఆ లక్ష ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి. జయపురం జమీందారీ అంటే దాదాపుగా ఇవాళ్టి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలు. దాని రాబడి పల్లపు మడికి కట్టిన శిస్తు, అడవి నుంచి దిగిన కలప. పరజలు, గదబలు, కోంధులు, సవరలు చెమటోడ్చిన నేల అది. వాల్తేరు ప్రయోగశాలల గోడల్లో వాళ్ల కష్టం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి కోరాపుట్ అటు వెళ్లింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి రాయగడ వేరు జిల్లా అయింది. గీతలు ఎన్ని మారినా మా ఊళ్లో జ్వరం ముదిరినా, బిడ్డ పెద్ద చదువుకొచ్చినా విశాఖ రైలే ఎక్కుతాం. 2026 ఏప్రిల్ 26తో విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. ఆ నూరేళ్ల లెక్కలో మా కొండల బాకీ కూడా ఉందని నేను అనుకుంటున్నాను.

ఇక వేసవి సంగతి. మా రెండు జిల్లాల మీద జరిగే పరిశోధన చాలావరకు వేసవిలోనే జరుగుతుంది. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను అడిగే నియమం కూడా ఈ రుతువు మీదే ఆధారపడి ఉంది.

రాయగడ నాగావళి పక్కన పల్లంలో ఉంది. మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటుతుంది. ఏటి మధ్య బండలు బయటపడతాయి, రాత్రి పదింటికి కూడా మేడ మీద సిమెంటు కాలుతూనే ఉంటుంది. అదే రోజు సాయంత్రం కోరాపుట్‌లో దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. అది దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఆ జిల్లాలోనే ఉంది. రాయగడలో రైలెక్కి తికిరి, లక్ష్మీపూర్ రోడ్, దామన్‌జోడి దాటుకుంటూ పోతుంటే సొరంగం వెనక సొరంగం వస్తుంది. ఒక్కో సొరంగం దాటినప్పుడల్లా కిటికీలోంచి వచ్చే గాలి కొంచెం చల్లబడుతుంది. అందుకే మా స్నేహబృందం రాత పనికి మే నెలలో కోరాపుట్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. గుణుపురం దగ్గరి సవర కుర్రాడు, కాశీపూర్ వైపు కోంధు అమ్మాయి, నందపూర్ నుంచి వచ్చిన పరజ అమ్మాయి, నేను. అందరివీ వేరు వేరు విశ్వవిద్యాలయాలు, వేరు వేరు శాఖలు. పొద్దున్నే చోడి అంబలి తాగి కూర్చుంటే మధ్యాహ్నం దాకా రాసేవాళ్లం. మూడు దాటేసరికి పడమట మబ్బు నల్లబడేది. ఒడియాలో దాన్ని కాలబైశాఖి అంటారు. ఈదురుగాలి, ఉరుము, ఒక్కోసారి వడగళ్లు. పిడుగుల ప్రాణనష్టం ఎంతటిదంటే 2015లో ఒడిశా ప్రభుత్వం దాన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మబ్బు పట్టిందంటే ఊళ్లో ఎవరినీ ఆరుబయట నిలబెట్టి ప్రశ్నలు అడగకూడదని మేం ముందే కట్టుబాటు చేసుకున్నాం. కరెంటు పోయేది. ల్యాప్‌టాప్‌లో మిగిలిన చార్జింగు ఎవరి అధ్యాయానికి ఎక్కువ అవసరమో వాళ్లకు ఇచ్చేవాళ్లం. మిగతావాళ్లం చీకట్లో కూర్చుని ఒకరి పని గురించి ఒకరం మాట్లాడుకునేవాళ్లం. నా థీసిస్‌లో పనికొచ్చే ఆలోచనలు చాలావరకు ఆ చీకటి గంటల్లోనే వచ్చాయి.

ఊళ్లలో వేసవి ఇంకో రకంగా నడుస్తుంది. చైత్రంలో చైత్ పరబ్. పరజ, గదబ ఊళ్లలో ఆ పండగ నెల పొడుగునా సాగుతుంది. వేటకు పోయేవాళ్లు పోతారు, థింసా ఆడేవాళ్లు ఆడతారు. కేరళకో ఆంధ్రకో పనికి పోయినవాళ్లు చాలామంది ఆ పండగకు ఇల్లు చేరతారు. ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునే పిల్లలు సెలవులకు వస్తారు. మరే నెలలోనూ ఊరు అంత నిండుగా ఉండదు. అలాగని తీరికా ఉండదు. ఇప్పపువ్వు తెల్లారకముందే ఏరాలి. చింతపండు గింజ తీయాలి. బీడీ ఆకు కోసి కట్టలు కట్టాలి, అడ్డాకులు కుట్టాలి, పోడు నరికి కాల్చాలి. తొలకరి పడగానే చోళ్లు, సామలు, కందులు చల్లాలి. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి వచ్చాక, సాయంత్రం మబ్బు పట్టేలోపు దొరికే కొద్దిపాటి విరామమే పరిశోధకుల వంతు. వాళ్లు ఒళ్లు వాల్చాల్సిన వేళ అది. ఆ వేళను మనకు ఇస్తున్నారు. జూన్ మధ్యకు వానలు వచ్చాక గెడ్డలు పొంగుతాయి, ఘాట్ దారిలో మట్టిపెళ్లలు జారతాయి, మలేరియా మొదలవుతుంది. కాబట్టి ఢిల్లీ నుంచి వచ్చినా హైదరాబాదు నుంచి వచ్చినా విశాఖ నుంచి వచ్చినా పరిశోధక విద్యార్థులు ఆ రెండు మూడు నెలల్లోనే వాలతారు. ఒకే ఊరి గుమ్మం ముందు ఏటేటా ఒక కొత్త నోటుపుస్తకం తెరుచుకుంటుంది.

చటికోన సంత బుధవారం. నియమగిరి మీద నుంచి డోంగ్రియా కోంధులు పసుపు, అల్లం, పనసకాయలు, చింతపండు మోసుకుని దిగుతారు. సంతకు చేరకముందే దారిలో షావుకార్ల మనుషులు కాపు కాస్తారు. బుట్ట దించమంటారు, అక్కడే బేరం ముగించేస్తారు. తెలుగో ఒడియానో నోట్లో ఆడేవాళ్లు సంత దాకా నడిచి వచ్చి నాలుగు చోట్ల ధర కనుక్కుని అమ్మడం చూశాను. తమ కువి భాష ఒక్కటే తెలిసినవాళ్లు ఎక్కువగా దారిలోనే దించేస్తున్నారు. నా థీసిస్‌కు గుండెకాయ ఈ పరిశీలనే. ఆ దారిలో ఒక అవ్వను నేను ధర అడుగుతుంటే, మా కాశీపూర్ స్నేహితురాలు కువిలోకి మార్చి చెబుతోంది. అవ్వ జవాబు చెప్పడం ఆపి నన్నే అడిగింది.

"అమ్మీ, పోయినేడు కూడా నీలాంటి పిల్లొకతి వచ్చి ఇదే అడిగి రాసుకుంది. దాంట్లో నేను చెప్పిందే ఉందా? ఏం రాసింది?"

ఆ పోయినేటి పిల్ల ఎవరో నాకు తెలియదు. ఎక్కడో ఒక మంచి థీసిస్ రాసే ఉంటుంది. అది థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటులో ఇంగ్లిషులో ఉండే ఉంటుంది. దేశంలో ఏ ఆచార్యుడైనా దాన్ని చదవొచ్చు. ఆ మాట చెప్పిన అవ్వ చదవలేదు, విననూ లేదు. తను చెప్పింది సరిగా రాశారా అని అడగడం ఆమె హక్కు. మన నియమావళిలో దానికి చోటు లేదు. సినాప్సిస్ చూసేవారున్నారు, అధ్యాయాలు దిద్దే గైడు ఉన్నారు, బయటి పరీక్షకులున్నారు, వైవా ఉంది. చెప్పినవాళ్లు చూసే దశ ఒక్కటీ లేదు.

ఈ కొండల మనుషులకు రాత విలువ తెలియదని ఎవరూ అనుకోవద్దు. నియమగిరి బాక్సైటు గని విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, ఆ వానాకాలంలో రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. తమ కొండ గురించి వాళ్లు చెప్పిన మాట నమోదై ఢిల్లీ దాకా వెళ్లింది. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గనికి అనుమతి నిరాకరించింది. తమ నోటి మాట కాగితం మీద పడితే ఏమవుతుందో చూసినవాళ్లు వాళ్లు. అవ్వ అడిగిన ప్రశ్న అమాయకంగా వచ్చింది కాదు.

చదివి వినిపిస్తే ఏమవుతుందో ఈ వేసవిలోనే కళ్లారా చూశాను. మా కాశీపూర్ స్నేహితురాలి పరిశోధన వానాకాలం కోసం ఇళ్లలో దాచుకునే తిండి మీద. 2001లో వాళ్ల ప్రాంతంలో మామిడి టెంక జావ తాగి మనుషులు చనిపోయారు. అప్పుడు దేశమంతా కాశీపూర్ పేరు విన్నది. ఆకలి చావులా, విషాహారమా అని పెద్ద వాదం జరిగింది. బూజు పట్టిన టెంకలు విషమవుతాయని వైద్యులు చెప్పారు. కానీ బూజు పట్టిన టెంకను కూడా పారేయలేని స్థితి ఎందుకొచ్చిందన్నది మా స్నేహితురాలి ప్రశ్న. ఆమె ఆ ఊళ్ల బిడ్డే. చిత్తుప్రతిలో టెంక శుద్ధి మీద ఉన్న అధ్యాయాన్ని ఒడియాలోకి కుదించి రాసింది. సెలవులకు వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల చేత చింతచెట్టు కింద చదివించి, తను కువిలో చెబుతూ పోయింది. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. కొంచెం చదివేసరికి ఒకావిడ లేచి "వరస తప్పింది" అంది. టెంకలోని జీడి ఎండబెట్టి, దంచి, ఆ పిండి గుడ్డలో మూటగట్టి పారే నీళ్లలో పెడతాం, వగరు పోయాక తీస్తాం, నువ్వు ముందే నీళ్లలో పెట్టించేశావు అంది. ఇంకొకావిడ, మా అత్తగారి కాలంలో ఇన్నాళ్లు నానేది, ఇప్పుడు గెడ్డ ముందే ఎండిపోతోంది కనక అన్నాళ్లు నానడం లేదు అంది. ఎండే గెడ్డ సంగతి మా స్నేహితురాలి చిత్తుప్రతిలో ఎక్కడా లేదు. ఆమె ఎవరినీ అడగలేదు, ఎందుకంటే అడగాలని ఎవరికీ తెలియదు. చదివితే బయటికొచ్చింది. ఆ తర్వాత బూజు సంగతి, తడి తగలకుండా దాచే సంగతి అదే సభలో మాట్లాడారు. వాన ముందు, టెంకలు ఎండబెట్టే రోజుల్లో. అదే మాట రెండేళ్ల తర్వాత ఒక పత్రికలో ఇంగ్లిషు వ్యాసంగా వస్తే ఆ ఊరికి అందేది కాదు.

అక్కడ ఇంకొకటి కూడా జరిగింది. ఒక చెట్టు వేరు మందు గురించి రాసిన పేరా చదివినప్పుడు పెద్దాయన ఒకరు ఆ పేరు తీసేయమన్నారు. బయటివాళ్లు వచ్చి వేళ్లతో సహా తవ్వుకుపోతారని ఆయన భయం. ఆమె తీసేసింది. పరిశోధన కొంత నష్టపోయిందనే వాళ్లుంటారు. నేను ఒప్పుకోను. చెప్పినవాడికి వద్దనే అవకాశం లేకపోతే అతను ఇచ్చింది సమ్మతి ఎలా అవుతుంది? సమ్మతి పత్రం మీద మొదటి రోజు వేయించుకునే వేలిముద్ర అప్పటికింకా రాయని దాని మీద వేసిన వేలిముద్ర.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతేమీ కాదు. తెలుగువాళ్లకు ఇందులో పాత దారే ఉంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి సవరల దగ్గర సవర భాష నేర్చుకున్నారు. నేర్చుకుని వదిలేయలేదు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు, చదువు చెప్పించారు. సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు ఆ తర్వాతి మాట. మీ విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. మా సవర మిత్రుడి పరిశోధన వాళ్ల గోడల మీద వేసే ఇడిటాల్ బొమ్మల మీద. లాంజియా సవర చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత వాటి గురించి రాసేవాళ్లు పెరిగారు. అతను గిడుగు నిఘంటువు పేజీలు ఫోన్‌లో పెట్టుకుని పుట్టసింగి ఊళ్లలో తిరుగుతుంటాడు. ముసలివాళ్లకు చదివి వినిపిస్తే "ఇది మా తాత మాట" అని ముఖం విప్పారుతుందట. భద్రిరాజు కృష్ణమూర్తి మీ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠం చెప్పినవారు. కొండదొరల భాషకు 1969లో వ్యాకరణం అచ్చు వేశారు. మా కోరాపుట్ ఎందరు భాషాశాస్త్రవేత్తలకు పేరు తెచ్చిందో చెప్పాలంటే పెద్ద పట్టికే అవుతుంది. ఒల్లరి మీద భట్టాచార్య, పెంగో మీద బర్రో, భట్టాచార్య, గుతోబ్ మీద షికాగో నుంచి వచ్చిన నార్మన్ జైడ్. వాళ్ల పుస్తకాలు లేకపోతే ఆ భాషల సంగతి ప్రపంచానికి తెలిసేది కాదు, వాళ్లకు దండం పెడతాను. ఆ పుస్తకాలు పుట్టిన ఊళ్లలో ఒక్క ప్రతి కూడా నాకు కనబడలేదన్నది వేరే విషయం, దాన్ని సరిచేయడం ఇప్పటికీ సాధ్యమే.

తీసుకెళ్లినది తిరిగి ఊరికి చేరకపోవడానికి వరి కథ ఇంకో సాక్ష్యం. 1950ల రెండో సగంలో కటక్ వరి పరిశోధన కేంద్రం జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా వరి రకాలు సేకరించింది. వరి పుట్టుకకు ఇదొక కేంద్రమని శాస్త్రవేత్తలు గుర్తించారు. విత్తనాలు కటక్ చేరాయి. మడుల్లో మాత్రం ఏటేటా ఆ రకాలు తగ్గిపోతూ వచ్చాయి. మిగిలినవాటిని నిలిపినవాళ్లు ఊళ్ల ఆడవాళ్లు. పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పుజారి పాత వరి విత్తనాలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి పంచిపెట్టారు. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 జులైలో కన్నుమూశారు. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ సేద్యంగా గుర్తించింది. మా నందపూర్ స్నేహితురాలు ఇప్పుడు ఆ పాత సేకరణలో ఉన్న పేర్లు పట్టుకుని ఊళ్లలో అడుగుతోంది. ఆ పేరు వినగానే "ఆ గింజ మా మడిలో ఉండేది, మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?" అని ఎదురు అడిగేవాళ్లు ఉన్నారు. గింజ ఎక్కడ ఉందో మనకు తెలుసు. వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

స్నేహితుల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. మేం నలుగురం ఒకరికొకరం దుబాసీలం. నా కువి రికార్డింగులన్నీ కాశీపూర్ అమ్మాయి విని రాసిపెట్టింది. ఆమె తెలుగు దుకాణదారులతో మాట్లాడిన టేపులు నేను రాశాను. నందపూర్ అమ్మాయి దేశియ భాష మాటలన్నీ మా అందరికీ సరిచూసింది. రాత్రి రెండింటి దాకా చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వినడం ఎంత శ్రమో చేసినవాళ్లకే తెలుసు. మాలో మేం చేసుకున్నాం కనక సరిపోయింది. బయటి నుంచి వచ్చే విద్యార్థులకు ఈ పని చేసిపెట్టేది ఊళ్లో పదో తరగతి చదివిన కుర్రాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు. వాళ్ల పేరు కృతజ్ఞతల పేజీలో ఒక వరుసలో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పరిశోధన గ్రాంటులో టైపింగుకు, బైండింగుకు పద్దు ఉన్నట్టే దుబాసీకి కూలి పద్దు ఉండాలి. చదివి వినిపించే రోజున కూడా ఆ కుర్రాళ్లే అక్కరకొస్తారు.

అభ్యంతరాలు ఏమొస్తాయో ఊహించగలను. విద్యార్థికి సమయం చాలదంటారు. వంద పేజీల అధ్యాయాలు చదవమని నేను అడగడం లేదు. పది పేజీల సారం చాలు, తెలుగులో లేదా ఒడియాలో. కువి, సవర రాసేవాళ్లు లేరంటారు. రెండు రాష్ట్రాలూ మాతృభాషా బోధన కోసం ఈ భాషల్లో ప్రాథమిక వాచకాలు వేయించాయి, ఆంధ్రలో తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో. వాటిని రాసిన ఉపాధ్యాయులు మన మధ్యే ఉన్నారు. అప్పటికీ రాయలేకపోతే చెప్పి రికార్డు చేయొచ్చు. జయపురం ఆకాశవాణి ఉండనే ఉంది, వేసవిలో వారానికి ఒక అరగంట అడిగితే ఎన్నో ఊళ్లకు ఒకేసారి వినిపించవచ్చు. ఊరివాళ్లు ఒత్తిడి పెట్టి నిజాలు తీయిస్తారేమో అనే భయం ఒకటి ఉంది. అది కొట్టిపారేయదగ్గ భయం కాదు. నా విషయంలోనే చూడండి, దారి కాసే షావుకారు కూడా అదే సంతలో ఉంటాడు. అమ్మినవాళ్ల పేర్లు, ఊళ్లు దాచాల్సిందే, షావుకారి సమక్షంలో చదవకూడని పేజీలు ఉంటాయి. ఎవరి ముందు ఏది చదవాలో గైడూ విద్యార్థీ కూర్చుని ముందే నిర్ణయించుకోవాలి. ఊరివాళ్లు ఒప్పుకోని చోట విద్యార్థి తన అభిప్రాయం మార్చుకోనక్కర్లేదు. వాళ్లు ఒప్పుకోలేదని, ఏమన్నారో వాళ్ల మాటల్లోనే అనుబంధంలో పెడితే పరీక్షకులకు రెండూ తెలుస్తాయి.

కాబట్టి వైవాకు ముందు సమర్పించే పత్రాల్లో ఒకటి చేర్చండి. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ భాషలో చదివారో, ఎవరు ఏం దిద్దారో, విద్యార్థి ఏది మార్చారో, ఏది మార్చలేదో, ఎందుకో అందులో ఉండాలి. సారం ప్రతులు ఊరి పంచాయతీకి, దగ్గరి ఆశ్రమ పాఠశాలకు, జయపురంలో విక్రమదేవుడి పేరుతోనే ఉన్న విశ్వవిద్యాలయానికి, కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చేరాలి. చదివే రోజు చైత్రానికీ జ్యేష్ఠానికీ మధ్య పడాలి, ఊరు నిండుగా ఉండేదీ, ఒడియా చదవగల పిల్లలు ఇంట్లో ఉండేదీ అప్పుడే. ప్రయాణం ఖర్చు, దుబాసీ కూలి ఫాల్గుణం లోపే విద్యార్థి చేతిలో పడాలి. మొదట మా రెండు జిల్లాల మీద వచ్చే థీసిస్‌లతో మొదలుపెట్టండి. అవే భాషలు మాట్లాడే మనుషులు పార్వతీపురం మన్యంలోనూ అల్లూరి జిల్లాలోనూ ఉన్నారు కనక ఆ తర్వాత అక్కడికి విస్తరించడం కష్టం కాదు. మానవశాస్త్రం, భాషాశాస్త్రం, వృక్షశాస్త్రం, అర్థశాస్త్రం ఏ శాఖైనా సరే, ఊళ్లో మనిషిని అడిగి రాసినదైతే ఇది వర్తించాలి.

నా మటుకు నేను నియమం కోసం ఆగను. వచ్చే వేసవిలో నా సంతల అధ్యాయం చటికోన దగ్గరి ఒక ఊళ్లో కువిలో, శుక్రవారం సంత జరిగే కుందులిలో దేశియలో చదివిస్తాను. ఏ దారిలో ఏ ధర పలికిందో, సంత దాకా నడిస్తే ఎంత తేడా వచ్చిందో అవ్వ వినాలి, విని నా లెక్క తప్పయితే తప్పని చెప్పాలి. ఆ రోజు మీ శాఖల నుంచి ఒకరిద్దరు ఆచార్యుల్ని పంపండి, వీలైతే మీరే రండి. విశాఖ నుంచి రాయగడ మీదుగా వచ్చే రైల్లో బిసంకటక్‌లో దిగితే చటికోన దగ్గరే. మబ్బు పట్టేలోపు ముగించాలి కనక పొద్దున్నే మొదలుపెడతాం.

ఇట్లు,
మీ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థిని,
రాయగడ